వెబ్‌సైట్ లొకేషన్ అడిగే ముందు యూజర్‌కి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి: సమగ్ర మార్గదర్శి

నెల్లూరులో ఇప్పుడు చేపల షాపు నుంచి డయాగ్నొస్టిక్ సెంటర్ దాకా చాలామందికి సొంత వెబ్‌సైట్ ఉంది. మంచిదే. కానీ వాటిలో ఎన్నో సైట్లు తెరిచీ తెరవకముందే, షాపు పేరు కూడా సరిగ్గా కనబడకముందే, పైన ఒక పెట్టె వచ్చి కూర్చుంటుంది: ఈ సైటు మీ లొకేషన్ తెలుసుకోవాలనుకుంటోంది, ఒప్పుకుంటారా లేదా? ఎందుకు అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. చూసినవాళ్ళు "మా ఇల్లు ఏడుందో వీళ్ళకెందుకబ్బా" అని బ్లాక్ కొడతారు, లేదంటే ఏదో ఒకటి నొక్కితే పోతుందిలే అని ఒప్పేసుకుంటారు. బ్లాక్ కొడితే మీ "దగ్గర్లోని బ్రాంచి" ఫీచర్ వాళ్ళకి ఇక పనిచేయదు. చూడకుండా ఒప్పుకున్నారంటే, వాళ్ళు తమ ఇంటి జాడ ఎందుకిస్తున్నారో తెలియకుండానే ఇచ్చేశారు, దాన్ని ఒప్పుకోలు అని మీరు లెక్కేసుకోవడం న్యాయం కాదు.

సైట్లు చేసేవాళ్ళకీ, డబ్బులిచ్చి చేయించుకునే షాపువాళ్ళకీ, ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. కోడ్ సంగతి కొంత ఉంటుంది, మాటల సంగతి ఎక్కువ ఉంటుంది. దానికి కారణం ఉంది: బ్రౌజర్ చూపించే ఆ పెట్టెలోని వాక్యాన్ని మీరు మార్చలేరు. ఐఫోన్ యాప్ అయితే లొకేషన్ ఎందుకు కావాలో ఆ పెట్టెలోనే డెవలపర్ ఒక వాక్యం రాసుకోవచ్చు, వెబ్‌సైట్‌కి ఆ వీలు లేదు. బ్రౌజర్ మీ సైటు అడ్రస్ చెప్పి, లొకేషన్ కావాలట అని చెప్పి ఊరుకుంటుంది. ఎందుకో చెప్పాల్సిన బాధ్యత మొత్తం మీ పేజీదే, అది కూడా ఆ పెట్టె రాకముందే చెప్పాలి.

అడుగు 1: అసలు మీకు లొకేషన్ కావాలా?

ఇక్కడే ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే చాలా సైట్లకి కావాల్సింది లొకేషన్ కానే కాదు.

రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి వచ్చేవాళ్ళ కోసం ఒక పేజీ చేస్తున్నారనుకోండి. స్వర్ణాల చెరువు ఎక్కడ, బండ్లు ఎక్కడ ఆపాలి, బస్టాండు నుంచి ఎటు రావాలి, ఇవన్నీ అందరికీ ఒకటే. ఒక మ్యాపు, ఒక లింకు చాలు. లింకు నొక్కితే వాళ్ళ ఫోన్లో ఉన్న మ్యాప్ యాప్ దారి చూపిస్తుంది, ఆ యాప్‌కి వాళ్ళు ఎప్పుడో అనుమతి ఇచ్చే ఉంటారు. మధ్యలో మీరు వాళ్ళ జాడ అడగాల్సిన పనేముంది?

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఇలా నాలుగు ఊళ్ళలో బ్రాంచీలున్న షాపు అనుకుందాం. నాలుగు బటన్లు పెట్టేస్తే ఒక్క నొక్కుతో అయిపోతుంది. ముప్ఫై బ్రాంచీలుంటే అప్పుడు లొకేషన్‌కి అర్థం ఉంది, అప్పుడు కూడా పిన్ కోడ్‌తో సరిపోవచ్చు. పిన్ వాడేటప్పుడు ఒక్క జాగ్రత్త, మొదటి మూడు అంకెలు చూసి జిల్లా ఊహించకండి. 2022 జిల్లాల విభజనలో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, పిన్ మాత్రం 523105 గానే ఉంది. అప్పట్లో కోడ్‌లో "523 అంటే ప్రకాశం" అని రాసిపెట్టుకున్న సైటు కందుకూరు వాళ్ళని వేరే జిల్లాలో పడేసేది.

ఇంకో ప్రశ్న, దీన్ని చాలామంది అసలు వేసుకోరు: మీకు కావాల్సింది ఫోన్ ఉన్న చోటా, పని జరగాల్సిన చోటా? విడవలూరు వైపు రొయ్యల గుంట ఉన్న రైతు ఏరేటర్ రిపేరు కోసం బుక్ చేసేది చాలాసార్లు నెల్లూరులోని ఇంట్లో కూర్చునే. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు కావలిలో ఉన్న అమ్మకి షుగర్ టెస్టు బుక్ చేస్తాడు, రక్తం తీసుకోవాల్సింది కావలిలో, ఫోన్ ఉంది బెంగళూరులో. ఇలాంటి చోట పేజీ తెరవగానే లొకేషన్ తీసుకుని అడ్రస్ నింపేశారంటే తప్పుడు అడ్రస్ నింపినట్టే, దాన్ని గమనించకుండా ఆయన ఆర్డర్ పెట్టేస్తే తర్వాత ఫోన్లు చేసుకునే టెన్షన్ అందరికీ. అందుకని లొకేషన్ కంటే ముందు "సర్వీసు ఎవరికి? నేనున్న చోటికా, వేరే చోటికా?" అని అడగండి. వేరే చోటికి అన్నవాళ్ళని లొకేషన్ అడగనే వద్దు.

ఇవన్నీ దాటాక కూడా కావాలి అనిపిస్తే, ఎందుకో ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. "మార్కెటింగ్‌కి ఎప్పుడైనా పనికొస్తుంది" అని మాత్రమే రాయగలిగారంటే ఆ ఫీచర్ తీసేయండి.

అడుగు 2: ఎప్పుడు అడగాలి

పేజీ తెరవగానే అడగొద్దు. ఇందులో మినహాయింపులు వెతుక్కోకండి. క్రోమ్‌లో ఉండే లైట్‌హౌస్ పరీక్ష కూడా పేజీ లోడ్ అవుతూనే లొకేషన్ అడిగే సైటుకి ఇది తప్పు అని చూపిస్తుంది.

ఎందుకంత పట్టుదల అంటే, బ్రౌజర్ దగ్గర మీకు దొరికేది దాదాపు ఒక్క అవకాశమే. ఒకసారి బ్లాక్ కొట్టారంటే క్రోమ్ లాంటి బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత మీ కోడ్ ఎన్నిసార్లు అడిగినా పెట్టె కనబడదు, నేరుగా కుదరదు అన్న జవాబే వస్తుంది. బ్లాక్ చేయకుండా పెట్టెని పదే పదే మూసేసినా ఇబ్బందే, క్రోమ్ అయితే మూడుసార్లు అలా జరిగాక ఆ సైటు అడగడాన్నే కొన్నాళ్ళు ఆపేస్తుంది. మళ్ళీ అనుమతి ఇవ్వాలంటే యూజరే సెట్టింగుల్లోకి వెళ్ళి వెతుక్కోవాలి. ఎంతమంది వెళ్తారు చెప్పండి.

కాబట్టి యూజర్ తనంతట తాను ఒక పని మొదలుపెట్టినప్పుడే అడగాలి. "దగ్గర్లోని బ్రాంచి చూపించు" అన్న బటన్ నొక్కారు, అప్పుడు అడగండి. "నా అడ్రస్ మ్యాపు మీద పెడతాను" నొక్కారు, అప్పుడు అడగండి. వాళ్ళ మనసులో ప్రశ్న పుట్టాక వచ్చిన పెట్టె అడ్డం అనిపించదు.

కోడ్ రాసేవాళ్ళకి: బ్రౌజర్ నుంచి లొకేషన్ అడిగే ఏర్పాటైన జియోలొకేషన్ ఏపీఐలోని గెట్‌కరెంట్‌పొజిషన్ పిలుపు ఆ బటన్ క్లిక్ లోపలే ఉండాలి. దానికి ముందు అనుమతి ఇచ్చారో లేదో చెప్పే పర్మిషన్స్ ఏపీఐని అడిగి ఇప్పటి పరిస్థితి తెలుసుకోండి. జవాబు మూడు రకాలుగా వస్తుంది. ప్రాంప్ట్ అంటే ఇంకా తేల్చలేదు, మీ వివరణ చూపించండి. గ్రాంటెడ్ అంటే ఇదివరకే ఇచ్చారు, వివరణతో విసిగించకుండా పని కానివ్వండి. డినైడ్ అంటే ఇవ్వనన్నారు, అడగడం మానేసి ఊరి పేరు రాసే పెట్టె చూపించండి. ఈ మూడింటికీ ఒకే స్క్రీన్ చూపించే సైట్లే ఎక్కువ.

హెచ్‌టీటీపీఎస్ (సైటుకీ ఫోనుకీ మధ్య సురక్షితమైన కనెక్షన్) లేకుండా ఇదేదీ పనిచేయదని కూడా గుర్తుంచుకోండి. క్రోమ్ 2016లోనే మామూలు హెచ్‌టీటీపీ సైట్లకి లొకేషన్ ఆపేసింది, మిగతా బ్రౌజర్లదీ అదే దారి.

అడుగు 3: బ్రౌజర్ పెట్టెకి ముందు మీ మాట

అసలు విషయం ఇదే. బటన్ నొక్కగానే నేరుగా బ్రౌజర్ పెట్టె తెప్పించకుండా, అదే బటన్ కింద మీ మాటల్లో రెండు వాక్యాలు చూపించాలి. పేజీని మొత్తం మూసేసే పాపప్ అక్కర్లేదు.

ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే ల్యాబ్ సైటునే తీసుకుందాం. ఇలాంటి వాక్యం ఎన్ని చోట్ల చూశానో: "మీకు మెరుగైన సేవలు అందించుటకు మీ స్థాన సమాచారమును అనుమతించగలరు." ఇందులో చెప్పింది ఏమీ లేదు. ఏ సేవ? ఎవరికి మెరుగు? ఒక్కసారా, రోజంతానా? నెల్లూరు పొగతోటలోని ఏదో ల్యాబులో పదేళ్ళుగా రిసెప్షన్‌లో కూర్చునే ఒకామెని ఇదే అడిగితే ఎలా చెబుతుందో ఆలోచించండి. "అమ్మా, మావాడు మీ ఇంటికి రావాలి గదా, మీ ఇల్లు మ్యాపులో పెడితే ఫోన్ చేసి సందులన్నీ అడక్కుండా వస్తాడు." ఎంత హాయిగా ఉంది వినడానికి! దాన్నే కొంచెం సర్ది రాస్తే చాలు:

"శాంపిల్ తీసుకునే మనిషి మీ ఇంటికి దారి తప్పకుండా రావడానికి, మీ లొకేషన్ ఈ ఒక్కసారి తీసుకుంటాం. వచ్చే మనిషికి తప్ప ఇంకెవరికీ చూపించం, టెస్టు అయిన మర్నాడు తీసేస్తాం."

కింద రెండు బటన్లు. ఒకటి "సరే, లొకేషన్ ఇస్తాను". రెండోది "వద్దు, అడ్రస్ రాస్తాను". రెండూ ఒకే సైజులో, ఒకేలా కనబడాలి. మొదటిదాన్ని పచ్చగా పెద్దగా పెట్టి, రెండోదాన్ని బూడిద రంగులో కనబడీ కనబడకుండా పెట్టడం నాకు అస్సలు నచ్చదు, అది మనిషిని అడగడం కాదు, తోసెయ్యడం. ఇంకోమాట, "సరే" నొక్కినప్పుడే బ్రౌజర్ పెట్టె రావాలి. "వద్దు" అన్నవాళ్ళకి బ్రౌజర్ పెట్టె రాదు కాబట్టి మీ సైటు బ్లాక్ అవ్వదు, మనసు మారితే రేపు మళ్ళీ ఇచ్చే దారి తెరిచే ఉంటుంది. ఈ రెండంచెల పద్ధతిలో ఉన్న అసలు లాభం అదే.

ఆ రెండు వాక్యాల్లో ఏముండాలో తేల్చుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, జియోలొకేషన్ ఏపీఐ నియమాలు రాసిన డబ్ల్యూ3సీ, అంటే వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ, తన పత్రంలోనే సైట్లు ఏం చెప్పాలో రాసింది. లొకేషన్ తీసుకుంటున్నామని, ఎందుకని, ఎన్నాళ్ళు ఉంచుతామని, ఎలా కాపాడతామని, ఎవరితోనైనా పంచుకుంటామా అని, యూజర్ దాన్ని ఎలా చూసుకోవచ్చు, ఎలా తీసేయించుకోవచ్చు అని స్పష్టంగా, కంటికి కనబడేలా చెప్పాలి. పని అయిపోయాక, ఉంచుకోమని యూజర్ చెబితే తప్ప పారేయాలి. ఇవన్నీ రెండు వాక్యాల్లో పట్టవు, నిజమే. ఎందుకు, ఎంతసేపు, ఎవరు చూస్తారు, ఈ మూడూ పైన పెట్టి, మిగతావి పక్కనే "వివరాలు" అన్న లింకులో పెట్టండి. ఆ లింకు నొక్కితే నలభై పేజీల ప్రైవసీ పాలసీ కాకుండా లొకేషన్ గురించిన ఆ ఒక్క పేరా తెరుచుకోవాలి.

వేర్వేరు సైట్లకి వాడుకోదగ్గ మాటలు కొన్ని ఇస్తున్నాను, మార్చుకుని వాడుకోండి.

భోజనం డెలివరీ చేసే హోటల్: "మీ ఇంటికి డెలివరీ ఉందో లేదో, చార్జీ ఎంతో చెప్పడానికి దూరం లెక్కేస్తాం. ఆర్డర్ పెట్టేదాకా మీ లొకేషన్ మేం దాచుకోము."

రొయ్యల మేత డీలర్: "లోడు నేరుగా గుంట దగ్గరికి రావాలంటే, గుంట గట్టు మీద నిలబడి ఈ బటన్ నొక్కండి. ఇంటి దగ్గర ఉంటే మ్యాపు మీద మీరే గుర్తు పెట్టండి." గుంటలకి డోర్ నంబర్ ఉండదు గదా, కాలవ దాటాక రెండో గట్టు అనే చెబుతారు, కాబట్టి ఇక్కడ లొకేషన్ నిజంగా పనికొచ్చేది. కానీ ఎక్కడ నిలబడి నొక్కాలో చెప్పకపోతే ఆ పనికూడా చెడుతుంది.

బ్రాంచీలు చూపించే బట్టల షాపు: "మీకు దగ్గర్లోని షాపు చూపిస్తాం. లెక్క మీ ఫోన్లోనే జరుగుతుంది, మీ లొకేషన్ మా సర్వర్‌కి రాదు." ఈ మాట రాయాలంటే ముందు అది నిజం కావాలి, దాని సంగతి ఐదో అడుగులో.

వివరణలో బెదిరింపు ఉండకూడదు. "లొకేషన్ ఇవ్వకపోతే సైటు సరిగా పనిచేయదు" అని రాస్తారు, పిన్ కోడ్‌తో అదే పని జరుగుతున్నా సరే. అది అబద్ధం. ఇవ్వకపోతే నిజంగా ఏమవుతుందో అదే రాయండి: "ఇవ్వకపోయినా పర్లేదు, ఊరి పేరు రాస్తే చాలు."

తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లో ఉన్న సైటైతే వివరణ కూడా రెండింటిలో ఉండాలి. సైటంతా తెలుగులో చేసి సరిగ్గా ఈ వాక్యం మాత్రం ఇంగ్లీషులో వదిలేస్తుంటారు. మనిషి ఆలోచించి నిర్ణయం తీసుకోవాల్సిన చోటే అర్థం కాని భాష ఉంటే ఎలా?

అడుగు 4: ఎంత కచ్చితంగా కావాలో అంతే

ఇంటి గుమ్మం దాకా రావాల్సినప్పుడు కచ్చితమైన చోటు కావాలి. దగ్గర్లోని బ్రాంచికి అక్కర్లేదు. ఏపీఐలో హై యాక్యురసీ అన్న ఆప్షన్ ఉంది, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది, అవసరం లేకుండా ఆన్ చేస్తే ఫోన్ జీపీఎస్‌ని లేపి బ్యాటరీ తింటుంది, ఆలస్యం కూడా అవుతుంది.

ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఓఎస్ 14 నుంచి, యూజర్ ఒక యాప్‌కి కచ్చితమైన చోటు కాకుండా సుమారు చోటు మాత్రమే ఇవ్వవచ్చు. బ్రౌజర్‌కి అలా ఇచ్చి ఉంటే మీ సైటుకి వచ్చేది కూడా సుమారు చోటే, కిలోమీటరు పైన తేడా ఉండొచ్చు. మాగుంట లేఅవుట్‌లో ఉన్నవాళ్ళని మూలాపేటలో చూపించినా ఆశ్చర్యం లేదు. ల్యాప్‌టాప్‌లో అయితే తేడా ఇంకా పెరగొచ్చు. అందుకే కోఆర్డినేట్లతో (అక్షాంశ, రేఖాంశాల అంకెలతో) పాటు వచ్చే యాక్యురసీ అంకెని, అది మీటర్లలో ఉంటుంది, తప్పకుండా చూడండి. పెద్దగా ఉంటే మ్యాపు మీద ఒకే చుక్క పెట్టకుండా గుండ్రం గీసి "మీరు ఈ చుట్టుపక్కల ఉన్నట్టుంది, గుర్తుని జరిపి మీ ఇంటి మీద పెట్టండి" అని అడగండి. వాళ్ళని సెట్టింగులు మార్చమని వెంటపడకండి, సుమారు చోటే ఇస్తామన్నది వాళ్ళు ఆలోచించి తీసుకున్న నిర్ణయం కావచ్చు.

అడుగు 5: వచ్చిన లొకేషన్‌ని ఏం చేస్తారు

పైన మంచి మాటలు రాసి లోపల ఇంకోలా చేస్తే ఆ మాటలు మోసమే అవుతాయి, కాబట్టి ఇది మాటల గైడే అయినా లోపలి సంగతి చెప్పక తప్పదు.

బ్రాంచి వెతికే సైటులో ముప్ఫై షాపుల కోఆర్డినేట్లూ పేజీతో పాటే పంపేయొచ్చు, అది చాలా చిన్న ఫైలు. దూరం లెక్క బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్ చేస్తుంది. యూజర్ లొకేషన్ మీ సర్వర్‌కి రావాల్సిన పనే లేదు. అప్పుడు "మా సర్వర్‌కి రాదు" అని ధైర్యంగా రాయొచ్చు. "మీ ఫోన్ దాటదు" అని మాత్రం రాయకండి, ఎందుకంటే చోటు కనుక్కోవడానికి ఫోన్ చుట్టుపక్కల వైఫై, టవర్ల వివరాలని తన లొకేషన్ సర్వీసుకి పంపవచ్చు, అది మీ చేతిలో లేదు. మ్యాపు వేరే కంపెనీది పెట్టి దాని మీద యూజర్ చోటు చూపిస్తుంటే, ఆ కంపెనీకి ఏం వెళ్తుందో కూడా "వివరాలు"లో రాయాలి.

సర్వర్‌కి పంపక తప్పకపోతే అంకెలు కుదించండి. నెల్లూరు నడిబొడ్డు సుమారుగా 14.44, 79.98 దగ్గర ఉంటుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు, కాబట్టి రెండు దశాంశాలు ఉంచితే కిలోమీటరు పై చిలుకు, నాలుగు ఉంచితే 11 మీటర్లు. బ్రౌజర్ ఇచ్చే అంకెలో దశాంశాలు ఇంకా ఎక్కువ ఉంటాయి. డెలివరీ చార్జీ లెక్కకి మూడు దశాంశాలు, అంటే వంద మీటర్ల తేడా, చాలు. ఇల్లు ఏదో తెలియదు, వీధి తెలుస్తుంది.

కోఆర్డినేట్లని పేజీ అడ్రస్‌లో తగిలించి పంపకండి. అలా పంపితే అవి సర్వర్ లాగుల్లో (సర్వర్ రాసిపెట్టుకునే రికార్డుల్లో) పడతాయి, మీరు పెట్టుకున్న అనలిటిక్స్‌లోకి పోవచ్చు, బ్రౌజర్ హిస్టరీలో మిగులుతాయి. డేటాబేస్‌లో తీసేశాం అని మీరు అనుకుంటుంటే లాగుల్లో అలాగే పడి ఉంటాయి. పోస్ట్ రిక్వెస్టులో పంపండి, లాగుల్లో రాకుండా చూసుకోండి. పేజీలో బయటివాళ్ళ ఐఫ్రేములు (మీ పేజీలో అమర్చిన వేరే సైటు ముక్కలు) ఉంటే పర్మిషన్స్ పాలసీ హెడర్‌లో జియోలొకేషన్‌ని మీ సైటుకి మాత్రమే పరిమితం చేయండి.

ఇక మనుషుల సంగతి. చాలా షాపుల్లో ఆర్డర్ రాగానే కస్టమర్ పేరు, నంబర్, లొకేషన్ మొత్తం డెలివరీ కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. గ్రూపులో ఉన్న పదిమందికీ ఆ ఇల్లు తెలిసిపోతుంది, పని మానేసిన వాళ్ళ ఫోన్లలో కూడా ఆ మెసేజ్ అలాగే ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడపిల్ల ఉందనుకోండి, ముసలమ్మ ఉందనుకోండి, వాళ్ళు మీ సైటుని నమ్మి ఇచ్చిన జాడ ఇది. "వచ్చే మనిషికి తప్ప ఎవరికీ చూపించం" అని రాశాక గ్రూపులో పెట్టడం కుదరదు. ఆ ఆర్డర్ తీసుకెళ్ళే ఒక్కడికే, ఆర్డర్ పూర్తయ్యాక పనిచేయని లింకు పంపండి. సైటు చేసిచ్చేవాళ్ళు ఈ మాట షాపు ఓనర్‌కి ముందే గట్టిగా చెప్పాలి. "అన్నా, గ్రూపులో వేసేటట్టైతే ఈ వాక్యం తీసేద్దాం, అబద్ధం రాయలేం" అంటే చాలామంది వింటారు.

డెలివరీ కుర్రాడు కూడా లొకేషన్ ఇచ్చే మనిషే అని మర్చిపోవద్దు. ఆర్డర్ ఎక్కడి దాకా వచ్చిందో కస్టమర్‌కి చూపించాలంటే కావాల్సింది అతని లొకేషన్, కస్టమర్‌ది కాదు. అతనికీ ఇలాగే చెప్పాలి: "ఆర్డర్ తీసుకున్నప్పటి నుంచి ఇచ్చేదాకా మాత్రమే చూస్తాం." కోడ్‌లో వాచ్‌పొజిషన్ మొదలుపెట్టినవాళ్ళు ఆర్డర్ ముగియగానే క్లియర్‌వాచ్ పిలవాలి. వెబ్ పేజీ కనబడకుండా పోతే, అంటే స్క్రీన్ ఆఫ్ చేసినా వేరే యాప్‌లోకి వెళ్ళినా, ఆ అప్‌డేట్లు ఆగిపోతాయి, ఆ సంగతి కస్టమర్ స్క్రీన్ మీద "చివరిగా తెలిసిన చోటు" అని టైముతో సహా రాయండి.

అడుగు 6: కుదరనప్పుడు చెప్పే మాట

లొకేషన్ రాకపోవడానికి ఏపీఐ మూడు కారణాలు చెబుతుంది, మూడింటికీ వేర్వేరు మాటలు రాయాలి. "ఏదో పొరపాటు జరిగింది" అని అన్నిటికీ ఒకే మెసేజ్ పెట్టకండి.

ఒకటి, అనుమతి లేదు. "పర్లేదు, మీ పిన్ కోడ్ రాయండి" అని వెంటనే పెట్టె చూపించండి. ఎందుకు ఇవ్వలేదని అడగొద్దు. రెండు, చోటు దొరకలేదు. ఫోన్లో లొకేషన్ ఆఫ్‌లో ఉండొచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. "మీ ఫోన్ చోటు కనుక్కోలేకపోయింది. బయటికొచ్చి మళ్ళీ నొక్కండి, లేదా ఊరి పేరు రాయండి." మూడు, టైము దాటింది. ఈ టైము మీరు పెట్టకపోతే ఏపీఐ ఎంతసేపైనా ఎదురుచూస్తూనే ఉంటుంది, మనిషి తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చుంటాడు. పది సెకన్లు పెట్టండి.

చేత్తో రాసే పెట్టె సంగతికొస్తే, పల్లెల్లో ఒక పిన్ కింద చాలా ఊళ్ళు ఉంటాయి. పిన్ రాశాక ఆ పిన్ కిందున్న ఊళ్ళ జాబితా చూపించి ఎంచుకోమనండి, ఆ కింద "గుర్తు: గుడి, బడి, బంకు లాంటిది" అన్న ఖాళీ ఇవ్వండి. ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ నంబర్) చూసి ఊరు ఊహించే పని మాత్రం పెట్టుకోకండి, కావలిలో కూర్చున్న మనిషికి చెన్నైనో హైదరాబాదునో చూపించొచ్చు, పైగా అడక్కుండానే మా ఊరు కనిపెట్టాలని చూశారన్న చెడ్డపేరు.

బ్లాక్ చేసినవాళ్ళు తర్వాత ఇవ్వాలనుకుంటే దారి చెప్పే ఒక చిన్న లింకు ఉంచండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అయితే అడ్రస్ బార్‌లో ఎడమవైపు ఉన్న గుర్తు నొక్కి, పర్మిషన్లలోకి వెళ్ళాలి. ఐఫోన్‌లో సఫారీ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, లొకేషన్ సర్వీసెస్, దానిలో సఫారీ వెబ్‌సైట్స్. బ్రౌజర్ యాప్‌కే ఫోన్ అనుమతి ఇవ్వకపోతే సైటుకి ఇచ్చినా లాభం లేదు, అదీ ఒక ముక్క రాయండి.

అడుగు 7: చట్టం

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం మీ షాపు సైటుకి కూడా వర్తిస్తుంది. దాని నియమాలు 2025 నవంబర్లో నోటిఫై అయ్యాయి, సైట్ల మీద పడే ప్రధాన బాధ్యతలకి అక్కడి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. గడువు ఉంది గదా అని ఆగొద్దు, ఇప్పుడు చేసే సైటు అప్పటికీ నడుస్తూనే ఉంటుంది.

చట్టం అడిగేది పైన మనం చెప్పుకున్నదే. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, ఫలానా పనికి అని, స్పష్టమైన చర్యతో ఇచ్చింది కావాలి. అడిగేముందు ఏ డేటా, ఎందుకు అని నోటీసు ఇవ్వాలి, ఇచ్చిన సమ్మతిని ఎలా వెనక్కి తీసుకోవాలో, ఎవరికి ఫిర్యాదు చేయాలో అందులో ఉండాలి. ఆ నోటీసుని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చూసుకునే వీలు మనిషికి ఉండాలి, తెలుగు అందులో ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలి. అంటే ఒక్క నొక్కుతో లొకేషన్ తీసుకుని, తీసేయమంటే మెయిల్ పెట్టమనడం కుదరదు. అకౌంట్ పేజీలో "నా లొకేషన్ తీసేయండి" అన్న బటన్ పెట్టండి.

చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒక టెలిమెడిసిన్ యాప్ వైద్యానికి కావాల్సిన వివరాలతో పాటు ఫోన్లోని కాంటాక్టులు కూడా అడిగింది, మనిషి రెండింటికీ సరే అంది. అయినా కాంటాక్టులు వైద్యానికి అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి అంతవరకు చెల్లదు. డెలివరీకి అని లొకేషన్ తీసుకుని పండగ ఆఫర్ల మెసేజీలకి వాడేవాళ్ళు ఈ ఉదాహరణ రెండుసార్లు చదవాలి.

అడుగు 8: పెట్టేముందు పరీక్ష

క్రోమ్ డెవ్‌టూల్స్‌లోని సెన్సర్స్ ప్యానెల్‌లో మీకు కావాల్సిన కోఆర్డినేట్లు ఇచ్చి చూడొచ్చు, ఒంగోలులో ఉన్నట్టు, బెంగళూరులో ఉన్నట్టు, అసలు చోటే దొరకనట్టు. తర్వాత నిజం ఫోన్లలో చూడండి: లొకేషన్ ఆఫ్ చేసి, సుమారు చోటు మాత్రమే ఇచ్చి, బ్లాక్ చేసి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లోపలే తెరుచుకునే బ్రౌజర్‌లో కూడా చూడండి, అక్కడ లొకేషన్ కొన్నిసార్లు అందదు, మీ ప్రకటన లింకు నొక్కి వచ్చేవాళ్ళలో చాలామంది అక్కడి నుంచే వస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షకి కంప్యూటర్ అక్కర్లేదు. సైటుతో సంబంధం లేని మనిషికి ఫోన్ ఇవ్వండి, మీ పిన్నికో, ఎదురు షాపు అన్నకో. బుక్ చేయమని చెప్పి మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. అయిపోయాక రెండే ప్రశ్నలు అడగండి: "ఇందాక నీ లొకేషన్ ఎందుకడిగారు? ఇవ్వకపోతే ఏమయ్యేది?" వాళ్ళు తమ మాటల్లో జవాబు చెప్పగలిగితే మీ వాక్యం పనిచేసింది. "ఏమో, ఏదో వచ్చింది, నొక్కేశాను" అంటే అది వాళ్ళ తప్పు కాదు. వాక్యం మార్చి, ఈసారి ఇంకో మనిషికి ఇవ్వండి, అదే మనిషికి రెండోసారి ఇస్తే మీరు చెప్పినదాన్ని బట్టి జవాబిస్తారు.

సైటు పెట్టాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. కొన్నాళ్ళకి ఓనర్ కొత్త ఫీచర్ అడుగుతాడు, అప్పటికే చేతిలో ఉన్న లొకేషన్‌ని దానికీ వాడేద్దాం అంటాడు. పని మారిందంటే పాత "సరే" దానికి సరిపోదు. కొత్త వాక్యం రాసి, కొత్తగా అడగండి, వద్దన్నవాళ్ళకి పాత సర్వీసు ఎప్పటిలాగే నడిచేలా చూడండి.